లోకాయుక్త వెంకటాచలగారు

మన ప్రాంతం పెద్దల మీద చరిత్ర వ్యాసం రాయమంటే మా క్లాసులో సగం మంది ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారి మీదే రాస్తారు. ఆయన గొప్పవారే, కాదనను. నేను మాత్రం ఈసారి జస్టిస్ ఎన్. వెంకటాచలగారి గురించి రాస్తున్నాను. ఆయన 1930లో ముళబాగిలు తాలూకా మిట్టూరులో పుట్టారు. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యేదాకా మన బాగేపల్లి, చింతామణి కూడా కోలారు జిల్లాలోవే కదా! అందుకని ఆయన్ని మన జిల్లా మనిషి అనొచ్చు.

వకీలుగా మొదలుపెట్టి, కర్ణాటక హైకోర్టు జడ్జీ అయ్యి, 1992లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1995లో రిటైరయ్యారు. కానీ ఆయన పేరు పల్లెపల్లెకూ తెలిసింది ఆ తర్వాతే. 2001 జులైలో, డెబ్భై దాటిన వయసులో, కర్ణాటక లోకాయుక్త అయ్యారు. లోకాయుక్తను నియమించేది గవర్నరు. అప్పుడు గవర్నరు మన తెలుగావిడే, వి.ఎస్. రమాదేవిగారు.

లోకాయుక్త అంటే ప్రభుత్వ ఉద్యోగులు, మంత్రులు లంచం తిన్నా, అధికారాన్ని చెడుగా వాడినా విచారించే పెద్ద. ఇలాంటి పదవి ఉండాలని 1966లో పరిపాలనా సంస్కరణల కమిషన్ చెప్పింది. కర్ణాటకలో 1984లో చట్టం వచ్చింది, 1986లో ఆఫీసు మొదలైంది. అయినా పదిహేనేళ్ళు ఆ పేరు చాలామందికి తెలీదు. దానికి ఒక కారణం చట్టంలోనే ఉంది. లోకాయుక్త విచారించి రిపోర్టు ఇవ్వొచ్చు, చర్య తీసుకొమ్మని చెప్పొచ్చు. ఉద్యోగంలోంచి తీసేసే అధికారం మాత్రం ప్రభుత్వానిదే. మా క్లాసు లీడరు అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తాడు, శిక్ష వేసేది టీచరు. ఇదీ అలాంటిదే. టీచరు బోర్డు తుడిచేస్తే లీడరు ఏం చేస్తాడు?

వెంకటాచలగారు ఆఫీసులో కూర్చుని ఫిర్యాదుల కోసం ఎదురుచూడలేదు. చెప్పకుండా ప్రభుత్వ ఆసుపత్రులకు, ఆర్.టి.ఓ. ఆఫీసులకు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులకు, తాలూకా ఆఫీసులకు స్వయంగా వెళ్ళేవారు. వరుసలో నిలబడిన జనాన్నే అడిగేవారు: ఎంత ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అని. వెంట టీవీ కెమెరాలు ఉండేవి. పెద్ద పెద్ద అధికారుల్ని కూడా అందరి ముందే గద్దించేవారు. మా తాత చెప్తాడు, ఆ కాలంలో పహణి కోసం పోతే "రేపు రా" అన్న గుమాస్తాతో "లోకాయుక్తకి రాస్తా సామీ" అంటే చాలంట, మధ్యాహ్నానికే కాగితం చేతికొచ్చేదంట. రైతుకు ఆ ఒక్క మాట దొరకడం చిన్న విషయం కాదు.

దీన్ని మెచ్చనివాళ్ళూ ఉన్నారు. విచారణ కాకముందే కెమెరా ముందు తిట్టడం ఏం న్యాయం అన్నారు. నాకూ ఆ మాట సరైనదే అనిపిస్తుంది, అందులోనూ ఆయన జడ్జీగా చేసిన మనిషి. కానీ రిపోర్టును ప్రభుత్వం పక్కన పెడితే అడిగేవాళ్ళు ఎవరు? జనం చూశారు కాబట్టే భయం పుట్టింది. ఫిర్యాదు లేకపోయినా తనంతట తానే విచారణ మొదలుపెట్టే అధికారం కావాలని ఆయన అడుగుతూనే ఉన్నారు. 2006లో దిగిపోయేదాకా ఇవ్వలేదు.

ఆయన తర్వాత జస్టిస్ సంతోష్ హెగ్డేగారు వచ్చారు. 2011లో బళ్ళారి ఇనుప ఖనిజం మీద ఆయన ఇచ్చిన రిపోర్టులో ప్రభుత్వానికి 16,085 కోట్ల నష్టం అని లెక్క కట్టారు. అప్పటి ముఖ్యమంత్రి యడ్యూరప్పగారు రాజీనామా చేశారు. దానికి సంబంధించిన కేసులో 2016లో సీబీఐ కోర్టు ఆయన్ని నిర్దోషి అంది.

2015లో ఇంకో ఘోరం. లోకాయుక్త ఆఫీసు మీదే లంచం ఆరోపణలు వచ్చి అప్పటి లోకాయుక్త రాజీనామా చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడే ప్రభుత్వం ఏ.సి.బి. అని వేరే సంస్థ పెట్టి, లంచం కేసుల్ని దానికి అప్పగించింది. దాంతో లోకాయుక్త బలం సగం పోయింది. 2022 ఆగస్టులో హైకోర్టు ఆ ఏ.సి.బి.ని రద్దు చేసి, కేసుల్ని మళ్ళీ లోకాయుక్త పోలీసులకే ఇచ్చింది.

ఆ తీర్పు వెంకటాచలగారు చూడలేదు. 2019 అక్టోబరులో, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఫిర్యాదు చేసే పద్ధతి మాత్రం నేటికీ ఉంది: ఒక ఫారం, దాంతోపాటు ప్రమాణపత్రం. పని కాలేదన్న ఫిర్యాదు అయితే ఆరు నెలల లోపల, లంచం లాంటి ఆరోపణ అయితే ఐదేళ్ళ లోపల ఇవ్వాలి.