సీ, డీ డ్రైవ్‌ల మధ్య గోడ ఎవరు కట్టారు?

1983 మార్చిలో ఐబీఎం తెచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. ఇప్పటి ఫోన్లో తీసిన నాలుగైదు ఫొటోలకే నిండిపోయేంత చోటు. ఏ, బీ అక్షరాలు అప్పటికే ఫ్లాపీలకు వెళ్లిపోయాయి కాబట్టి దానికి సీ దక్కింది. అంత చిన్న డిస్కును కూడా ముక్కలు చేసుకునేందుకు డాస్ 2.0లో ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ ఇచ్చారు. డాస్ పక్కనే సీపీఎం-86 లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ చోటుండాలన్నది ఉద్దేశం. మన ఫైళ్లను కాపాడాలన్న ఆలోచన అప్పటికి లేదు.

ముక్కల మధ్య ఆ గోడ ఎక్కడుండేదో తెలుసా? డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లో, 512 బైట్లలో కేవలం 64 బైట్ల పట్టికగా. ఒక్కో ముక్కకు, అంటే పార్టిషన్‌కు, 16 బైట్లు, మొత్తం నాలుగు గళ్లు. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎంత దూరం పోతుందో అక్కడ రాసి ఉండేది. అంతకుమించి డిస్కులో అడ్డుగోడ ఏదీ ఉండేది కాదు.

తర్వాత కొన్నేళ్లు పార్టిషన్లు చేయక తప్పని పరిస్థితి. డాస్ ఒక పార్టిషన్‌లో 32 మెగాబైట్లకు మించి వాడుకోలేకపోయేది. డిస్కులేమో పెద్దవవుతున్నాయి. అందుకే 1987లో డాస్ 3.3, లోపల మరిన్ని ముక్కలు పట్టే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే డాస్ 4.0 ఆ హద్దును దాటించింది. అవసరం తీరింది గానీ అలవాటు నిలిచిపోయింది.

మన ఊళ్లలో అసెంబుల్డ్ కంప్యూటర్ల కాలానికి ఆ అలవాటుకు కొత్త అర్థం వచ్చింది. సీలో విండోస్, డీలో పాటలు, సినిమాలు. వైరస్ పట్టిందా, సీని ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించడమే. డీ జోలికి పోనక్కర్లేదు. ఇది నిజంగా తెలివైన పద్ధతి. కాకపోతే డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ రెండూ సీలోనే ఉంటాయని చాలా ఇళ్లలో తెలియదు. సినిమాలన్నీ డీలో భద్రంగా మిగిలాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పెళ్లి ఫొటోలు, ప్రాజెక్ట్ రిపోర్టులు పోయాయి. దాచుకోవాల్సినవే గోడకు అవతల ఉండిపోయాయి.

రెండో చిక్కు కొలతలది. కొన్న రోజున సీకి ఇంత అని కోసి ఇస్తే, నాలుగేళ్లకు అది ఎర్రగీత చూపిస్తుంది, పక్కన డీ సగం ఖాళీగా పడి ఉంటుంది. నా దృష్టిలో తప్పు వేరు చేయడంలో లేదు, కొలతను ముందే బిగించెయ్యడంలో ఉంది. ఈ చిక్కును ఆపిల్ 2019లో మాక్‌ఓఎస్ కాటలీనాతో చక్కగా విప్పింది. సిస్టమ్ ఒక వాల్యూమ్‌లో, మన డేటా మరో వాల్యూమ్‌లో. మామూలుగా సిస్టమ్ వాల్యూమ్‌లో ఎవరూ ఏమీ రాయలేరు. ఖాళీ చోటు మాత్రం రెండింటికీ ఉమ్మడిది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సిస్టమ్ వేరు, మన డేటా వేరు.

విండోస్ వాడేవాళ్లు సీ, డీ విడదీసుకుంటే మంచిదే. అయితే డాక్యుమెంట్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ తెరిచి దాన్ని డీకి మార్చుకోండి. డిస్కే చెడిపోతే సీతో పాటు డీ కూడా పోతుంది కాబట్టి, పెళ్లి ఫొటోల కాపీ ఇంకొకటి వేరే డిస్కులో ఉండి తీరాలి.