నో-ప్రైజ్ (మార్వెల్ కామిక్స్)

నో-ప్రైజ్ అనేది అమెరికాలోని మార్వెల్ కామిక్స్ సంస్థ తన పాఠకులకు ఇస్తూ వచ్చిన ఉత్తుత్తి బహుమతి. రచయిత, సంపాదకుడు స్టాన్ లీ 1964లో 'ఫెంటాస్టిక్ ఫోర్' ఉత్తరాల పేజీలో దీన్ని మొదలుపెట్టాడు. తొలినాళ్లలో రకరకాల కారణాలకు పంచిపెట్టినా, కథలో దొర్లిన తప్పు అసలు తప్పే కాదని నమ్మించగలిగిన పాఠకుడికి దక్కేదిగా పేరుపడింది.

తప్పులకు కొదవేమీ లేదు. ఆ రోజుల్లో మార్వెల్ కథల్లో చాలావాటికి లీ ఒక్కడే మాటలు రాసేవాడు. అతడు కథ క్లుప్తంగా చెబితే జాక్ కర్బీ, స్టీవ్ డిట్కో వంటివారు బొమ్మలు గీసేవారు. సంభాషణలు ఆ తర్వాతే పడేవి. పైగా లీకి మతిమరుపు. పీటర్ పార్కర్, బ్రూస్ బ్యానర్ లాంటి పేర్లలో రెండు భాగాలూ ఒకే అక్షరంతో మొదలయ్యేలా పెట్టింది గుర్తుండటానికేనని తనే చెప్పుకున్నాడు. అయినా 1963లో స్పైడర్‌మ్యాన్ సొంత పత్రిక తొలి సంచికలోనే పార్కర్ కాస్తా పామర్ అయ్యాడు. మరుసటి ఏడాది హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్ 'బాబ్' అయిపోయాడు. పాఠకులు నిలదీస్తే, అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని లీ బుకాయించాడు. రాబర్ట్‌ను బాబ్ అని పిలవడం అమెరికాలో మామూలే కాబట్టి లెక్క సరిపోయింది! హల్క్ అసలు పేరు నేటికీ అదే.

పాఠకులూ ఈ పద్ధతిలోనే ఆలోచించాలి. దుస్తుల రంగు మారితే రంగులద్దినవాడు పొరబడ్డాడనడం నిజమే కావచ్చు గానీ ఆటలో చెల్లదు. సమాధానం కథాలోకంలోంచే రావాలి. తప్పు పట్టడానికి కలం పట్టినవాడే చివరికి రచయిత తరఫు వకీలుగా మారేవాడు. సంస్థకు ఇంతకన్నా చవకైన లాభం ఏముంటుంది?

1967 నుంచి విజేతలకు కవర్లు వెళ్లాయి. లోపల అసలైన నో-ప్రైజ్ ఉందని పైన అచ్చు, తెరిస్తే ఖాళీ. బహుమతి పెట్టడం మరిచిపోయారంటూ తిరిగి ఉత్తరం రాసిన అమాయకులూ ఉన్నారు. తర్వాతి సంపాదకులు ఎవరికి తోచిన నియమాలు వారు పెట్టుకున్నారు. 1983లో మార్వెల్ తన పాత పొరపాట్లను తానే ఏకరువు పెడుతూ ఒక ప్రత్యేక సంచిక కూడా వేసింది.

ఈ తరహా ఊహల్లో అన్నిటికన్నా దూరం వెళ్లినదానికి నో-ప్రైజ్‌తో సంబంధం లేదు. ఎక్స్-మెన్ నాయిక జీన్ గ్రే 1980లో చనిపోయింది. ఫీనిక్స్ అనే విశ్వశక్తిగా మారి ఒక గ్రహాన్నే మట్టుబెట్టిన ఆమెను తిరిగి తేవడానికి దారి కనబడలేదు. అప్పటికి విద్యార్థిగా ఉన్న కర్ట్ బ్యూసిక్ అనే అభిమాని ఒక ఉపాయం అల్లాడు: చనిపోయింది జీన్ కాదు, ఆమె రూపం ధరించిన ఫీనిక్స్ శక్తి, అసలు జీన్ న్యూయార్క్‌లోని జమైకా బే అడుగున ఒక గూటిలో నిద్రిస్తోంది. ఆ మాట రచయిత రోజర్ స్టెర్న్ చెవినపడి, అతని ద్వారా రచయిత, చిత్రకారుడు జాన్ బర్న్‌కు చేరి, 1986లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 286వ సంచికలో కథగా అచ్చయింది. జీన్ బతికింది. కానీ చంద్రుడిపై తనను తాను బలిచేసుకున్న ఆనాటి త్యాగం ఆమెది కాకుండా పోయింది. ఆ సర్దుబాటును ఇప్పటికీ ఒప్పుకోని పాఠకులున్నారు.