కట్టు కట్టడం దగ్గరే ఆగిపోయాం

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు రాత పెద్దయ్యాక నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన ఉగాది సభలో మన పెద్దాయన ఒకరు కుర్చీలోంచి జారి పడిపోయారు, గుర్తుంది కదా. ఒకరు నీళ్లు చల్లారు, ఒకరు విసనకర్రతో విసిరారు, ఒకరు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను. నా బీరువాలో రైల్వేలో ఇచ్చిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉంది. బళ్లో 'ముదలుదవి' పాఠం కూడా చదివాను. కట్టు కట్టడం, స్ట్రెచర్ మోయడం వచ్చు. ఆగిన గుండెకు ఏం చేయాలో మాత్రం చేతికి రాలేదు. 108 బండిలోంచి దిగిన అమ్మాయి, మా చిన్నమ్మాయి ఈడుది, మోకాళ్ల మీద కూర్చుని ఎద నొక్కడం మొదలుపెట్టింది. ఆయన దక్కలేదు.

ఆ అమ్మాయికి వచ్చిన పని ఎక్కడినుంచి వచ్చిందా అని అప్పటినుంచీ చదువుతున్నాను.

ప్రథమ చికిత్స తరగతులు పాతవే. ఇంగ్లండులో సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ 1877లో మొదలై రైల్వే కార్మికులకు, గని కార్మికులకు, పోలీసులకు నేర్పింది. మా సర్టిఫికెట్టుకు మూలం అదే. ఎద మీద చేతులతో నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు చెప్పింది 1960లో. అంటే అది నా ఈడు విద్య.

అసలు మలుపు పిట్స్‌బర్గ్ ఊళ్లో వచ్చింది. అక్కడ జబ్బుపడినవాళ్లను పోలీసు వ్యానులో వేసుకుపోయేవారు, దారిలో చూసే దిక్కు ఉండేది కాదు. 1967లో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు సేవ పుట్టింది. పీటర్ సాఫర్ అనే మత్తు డాక్టరు సుమారు 300 గంటల శిక్షణ తయారుచేశాడు. నేర్చుకున్నది హిల్ డిస్ట్రిక్ట్‌లోని నల్లజాతి పేదలు. హైస్కూలు పూర్తికానివాళ్లూ వాళ్లలో ఉన్నారు. శరీర నిర్మాణం, శ్వాస నిలపడం, గుండె నడపడం, బండి జాగ్రత్తగా తోలడం, అన్నీ నేర్చారు. తర్వాత నాన్సీ కరోలైన్ అనే డాక్టరమ్మ వాళ్లకు ఇంకా పై శిక్షణ ఇచ్చి, ఆ అనుభవంతో దేశమంతటికీ పాఠ్యక్రమం రాసింది. 1975లో నగరం సొంత సేవ పెట్టుకుని ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. దారి వేసినవాళ్లలో చాలామంది కొత్త సేవలో నిలవలేకపోయారు. ఇది చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన వైపుకు వస్తే, 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. తమిళనాడుకు 2008లో వచ్చింది. బండిలో డ్రైవరుతో పాటు శిక్షణ పొందిన మనిషి ఉండాలన్నదే దాని ప్రాణం.

ఆ మనిషి వచ్చేదాకా మాత్రం మనమే. పెద్దవాళ్లకైతే ఎద మధ్యలో, కనీసం 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. చదివితే చాలదు, బొమ్మ మీద చేసి చూడాలి.

అందుకే అడుగుతున్నాను. ఈసారి వార్షికోత్సవంలో శాలువాలు, జ్ఞాపికలు మానేద్దాం. ఆ డబ్బుతో ఒక ఆదివారం మన హాల్లోనే శిక్షకుణ్ణి పిలిపిద్దాం. నాకు ఇవ్వాలనుకున్న శాలువాతోనే మొదలుపెట్టండి. మొదటి పేరు నాది రాసుకోండి.