కాశీ పడవ ఎవరిది? (నీళ్ళూ కులమూ – 6వ భాగం)



పోయిన భాగంలో మహద్ చౌదార్ చెరువు గురించి మాట్లాడుకున్నాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు దోసిట పట్టి తాగిన రోజు గురించి. అది చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, చెరువుకీ బావికీ కులం ఉందంటే అర్థమైంది. పారే నదికి కులం ఎక్కడిది? దానికి గోడ కట్టలేరు కదా!"

మంచి ప్రశ్న. దానికి జవాబు కాశీలో పడవ ఎక్కి చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కొన్నేళ్ళ కిందట అయిదుగురం స్నేహితులం కాశీ వెళ్ళాం. తెల్లవారుజామున అస్సీ ఘాట్ దగ్గర బేరమాడి ఒక తెడ్డు పడవ మాట్లాడుకున్నాం. అస్సీ నుంచి రాజ్‌ఘాట్ వైపు ఆరేడు కిలోమీటర్లు, లెక్కకు 84 ఘాట్లు. మాతో వచ్చిన గైడు ఒక్కో ఘాట్ చూపించి, ఫలానా రాజు కట్టించాడు, ఫలానా రాణి కట్టించింది అని గుక్కతిప్పుకోకుండా చెప్తున్నాడు. పడవ వేసే మనిషి గురించి మాత్రం ఒక్క మాట లేదు. నేనే అడిగాను, "భయ్యా, పడవ మీదేనా?" అని. నవ్వాడు. "పడవ మాలిక్‌ది. నేను వాటాకి వేస్తాను" అన్నాడు.

గైడు చెప్పిన చరిత్రలో ఆ వాటా లేదు. ఈ భాగం ఆ వాటా గురించే.

మెట్ల మీది పేర్లు

పడవలోంచి కనిపించే పేర్లన్నీ కట్టించినవాళ్ళవే. మాన్‌మందిర్ అంటే అంబర్ రాజపుత్రులు. అహల్యాబాయి, సింధియా, భోంస్లే ఘాట్లంటే మరాఠా పాలకులు. దర్భంగా ఘాట్ అంటే బీహార్ జమీందారులు. కేదార్ ఘాట్ పక్కనే విజయనగరం ఘాట్ వస్తుంది. అది మన ఉత్తరాంధ్ర విజయనగరం రాజులదే. ఆ పేరు వినగానే పడవలో మన తెలుగువాళ్ళు "మనదే, మనదే" అని ఫోటోలు దిగుతారు. 2023 ఏప్రిల్‌లో గంగా పుష్కరాలకి వెళ్ళినవాళ్ళలో చాలామంది దిగే ఉంటారు.

మనదే, కాదనను. అయితే ఎవరి డబ్బు? ఆ సంస్థానంలో శిస్తు కట్టిన రైతుది, ఆ రైతు పొలంలో చాకిరీ చేసిన మాల, రెల్లి కూలీలది. వాళ్ళ చెమట కాశీలో మెట్లయింది. వాళ్ళలో ఎంతమంది ఆ మెట్లు చూసి ఉంటారు?

తెడ్డు పట్టినవాళ్ళు

కాశీలో పడవ వేసేవాళ్ళు మల్లాలు. కేవట్, నిషాద్, మాంఝీ అనే పేర్లూ ఉన్నాయి. మన దగ్గర బెస్త, పల్లెకారు, గంగపుత్రుల లాంటివాళ్ళు. రాముణ్ణి నది దాటించిన గుహుడు మా పూర్వీకుడే అంటారు. బొటనవేలు పోగొట్టుకున్న ఏకలవ్యుడూ నిషాదుడే. ఒకడు సేవ చేశాడు కాబట్టి భక్తుడయ్యాడు. ఇంకొకడు విద్య నేర్చాడు కాబట్టి వేలు పోయింది. రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

రైలు రాకముందు కలకత్తా నుంచి కాశీకి సరుకు రావాలన్నా దొర రావాలన్నా గంగే దారి. ఎదురు ప్రవాహంలో గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి, ఒడ్డు వెంట నడుస్తూ మనుషులే లాగేవాళ్ళు. విలియం హాడ్జెస్, డేనియల్‌లు, జేమ్స్ ప్రిన్సెప్ గీసిన కాశీ బొమ్మలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో చాలా వరకు నది మీంచి చూసినట్టే ఉంటాయి. ప్రపంచానికి తెలిసిన కాశీ ముఖం పడవలోంచి చూసిన ముఖమే. చిత్రకారుడు గీసేదాకా పడవ కదలకుండా పట్టుకున్న మనిషి పేరు ఏ బొమ్మ కిందా లేదు.

ఇక్కణ్ణించి తేదీలు గుర్తుపెట్టుకోండి.

1834లో గంగ మీద ఆవిరి పడవల సర్వీసు మొదలైంది. 1862లో రైలు కాశీ అవతలి ఒడ్డు దాకా వచ్చింది. దూరప్రయాణం బేరాలు పోయి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించే పని మిగిలింది. 1878లో ఉత్తర భారత ఫెర్రీల చట్టం వచ్చింది. సర్కారు ఏ రేవునైనా పబ్లిక్ రేవుగా ప్రకటించవచ్చు. అక్కడ సుంకం వసూలు చేసుకునే హక్కుని వేలం వేయవచ్చు. దానికి దగ్గర్లో అనుమతి లేకుండా ఇంకెవరూ డబ్బు తీసుకుని జనాన్ని దాటించకూడదు. వేలంలో పాడాలంటే డబ్బుండాలి. తెడ్డు ఉన్నవాడు తన రేవులోనే కూలివాడయ్యాడు. 1887లో డఫ్రిన్ వంతెన తెరుచుకుంది. ఇవాళ్టి మాలవీయ వంతెన అదే. రైలు నేరుగా గంగ దాటేసింది.

మధ్యలో 1871 ఉంది. నేరస్థ తెగల చట్టం. ఊరూరా తిరిగే సముదాయాలకు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన చట్టం. మల్లాల్లోనూ కొన్ని సముదాయాల మీద ఆ ముద్ర పడింది. స్టూవర్టుపురం ఎరుకల అన్నలకు ఆ ముద్ర అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పొట్టకూడు లాగేసిన దశాబ్దాల్లోనే దొంగ అనే పేరూ పెట్టారు.

మరి నది మీద ఏం మిగిలింది? చూపించడం మిగిలింది. 1896లో మార్క్ ట్వైన్ కాశీ వచ్చాడు. నీడ కోసం పైన గుడ్డ కట్టిన పెద్ద పడవలో కుర్చీలేసుకుని కూర్చుని ఘాట్ల వెంట తిరిగాడు. అందరూ చేసే మామూలు షికారే తానూ చేశానన్నట్టు తన పుస్తకంలో రాసుకున్నాడు. అంటే అప్పటికే అది అలవాటైన వ్యాపారం. సరుకు పోయి, ప్రయాణం పోయి, రేవు పోయాక మల్లాలు నిలబెట్టుకున్న బతుకుదెరువు ఈ షికారు పడవ. ఏ ఘాట్‌లో ఏ కుటుంబాలకు పడవ వేసే హక్కుందో, ఎవరి వంతు ఎప్పుడో వాళ్ళే కట్టుబాటు చేసుకున్నారు. ఆ హక్కుదారుల్ని ఘాట్‌వార్‌లంటారు. వాళ్ళ కింద వాటాకి పడవ వేసే కూలీలున్నారు. మా పడవ మనిషి అలాంటివాడే. కులం లోపల కూడా పైమెట్టు కిందమెట్టు ఉన్నాయని దాచక్కర్లేదు.

తాబేలుకు ఒక చట్టం, ఓడకు ఒక చట్టం

స్వతంత్రం వచ్చాక ఏమైంది?

1989లో రామ్‌నగర్ కోట నుంచి మాలవీయ వంతెన దాకా 7 కిలోమీటర్ల గంగని తాబేళ్ళ అభయారణ్యంగా ప్రకటించారు. చేపల వేట, ఇసుక తీత నిషేధం. ఆ రెండూ మల్లాల బతుకుతెరువులు. పర్యావరణం కోసం సరే అనుకుందాం. 2018లో రామ్‌నగర్ దగ్గర సరుకు ఓడల టెర్మినల్ ప్రారంభమైంది. 2020లో అదే అభయారణ్యాన్ని రద్దు చేశారు. వల వేసేవాడి ముందు ముప్ఫై ఏళ్ళు గట్టిగా నిలబడ్డ చట్టం, పెద్ద ఓడలొచ్చిన రెండేళ్ళకే పక్కకి తప్పుకుంది.

ఆ 2018లోనే "అలకనంద" అనే విలాస నౌక కాశీలో షికార్లు మొదలుపెట్టింది. నావికులు పడవలు కట్టేసి నిరసన తెలిపారు. 2023 జనవరి 13న "గంగా విలాస్" బయల్దేరింది. కాశీ నుంచి డిబ్రూగఢ్‌కి 51 రోజులు, సుమారు 3200 కిలోమీటర్లు. 18 గదులు, 36 మంది ప్రయాణికులు. తెడ్డు పడవ మనిషికి వానాకాలంలో నీళ్ళు మెట్లెక్కితే వారాల తరబడి పడవ దించే వీల్లేదు. ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో అడిగేవాడు లేడు.

ఇక్కడ మనం ఒక కష్టమైన ప్రశ్న వేసుకోవాలి. "కులవృత్తులు పోవాలని మనమే అంటాం కదా, మరి మల్లా చేతిలో తెడ్డు పోతే ఏడుపెందుకు?" అని ఎవరైనా అడగొచ్చు. కులమంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే విభజించడం అని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. మల్లా కొడుకు మల్లాగానే బతకాలని నేను కోరను. వాడు ఇంజనీరవ్వాలి, ప్రొఫెసరవ్వాలి. పక్క జిల్లా మీర్జాపూర్ నుంచి ఫూలన్ దేవి అనే మల్లా ఆడబిడ్డ 1996లో పార్లమెంటుకి వెళ్ళింది.

కానీ జరుగుతున్నది వృత్తి నుంచి విముక్తి కాదు. ఒళ్ళు హూనమయ్యే చాకిరీగా ఉన్నన్నాళ్ళూ దాన్ని కులవృత్తి అన్నారు, మీ కర్మ అన్నారు. నాలుగు డబ్బులు కనిపించిన రోజున అది టూరిజం అయిపోయింది, పెట్టుబడి ఉన్నవాళ్ళంతా రావచ్చన్నారు. తోలు విషయంలో చూడండి. చచ్చిన గొడ్డుని మోసి, తోలు ఊనినంతకాలం మాదిగ పని. చెప్పుల షోరూం పెట్టినప్పుడు యజమాని ఎవరు?

హరిశ్చంద్ర ఘాట్ దగ్గర

నా మాట మీద అనుమానముంటే పడవని హరిశ్చంద్ర ఘాట్ దగ్గర కాసేపు ఆపమనండి. అక్కడా, మణికర్ణికలోనూ రాత్రీ పగలూ శవాలు కాలుతుంటాయి. కాల్చేది డోమ్‌లు. షెడ్యూల్డు కులం. ఆ పొగలో, ఆ వేడిలో తరతరాలుగా వాళ్ళే. ఈ పనిని టెండర్ వేసి లాక్కోవడానికి ఏ కంపెనీ రాలేదు. అది మాత్రం ఇంకా "సంప్రదాయమే".

ఆ ఘాట్ చూస్తే మన తెలుగువాళ్ళకి కాటిసీను గుర్తొస్తుంది. సత్యం కోసం రాజ్యం పోయి, భార్య పోయి, చివరికి రాజు వీరబాహుడి కింద కాటికాపరి అయ్యాడని ఊళ్ళన్నీ కన్నీళ్ళు పెట్టుకున్నాయి. ఒక్కసారి ఆలోచించండి. రాజుకి పడ్డ కష్టాల్లో అన్నిటికన్నా పెద్ద కష్టం ఏమిటి? ఒక డోమ్ రోజూ చేసే పని కొన్నాళ్ళు చెయ్యాల్సి రావడం. రాజు కోసం ఏడ్చినవాళ్ళు వీరబాహుడి పిల్లల కోసం ఎప్పుడైనా ఏడ్చారా? అదే కాటిసీనులో మన గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు పాడి నటులు వన్స్‌మోర్‌లు కొట్టించుకున్నారు. ఆ పద్యాలు రాసిన కవి మాత్రం ఊళ్ళో అవమానాలు పడ్డాడు.

జాషువా 1941లో గబ్బిలం రాశారు. గుడిలోకి రానివ్వని అంటరానివాడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అది కవి కల్పనే అనుకోకండి. 1950లలో దళితులు ఆ గుడిలో అడుగుపెట్టాక, గుడి మైలపడిందని కర్పాత్రి స్వామి వర్గం మీర్ ఘాట్ దగ్గర వేరే విశ్వనాథ మందిరం కట్టుకుంది. మీర్ ఘాట్ కూడా మీ పడవ దారిలోనే ఉంది. గైడు చెప్పకపోతే మీరు చెప్పండి.

మల్లాలకీ డోమ్‌లకీ మధ్య కూడా దూరం ఉంది. ఉత్తరప్రదేశ్‌లో మల్లాలు బీసీల్లో ఉన్నారు, ఎస్సీల్లో చేర్చమని ఏళ్ళుగా అడుగుతున్నారు. ఒకే నది ఒడ్డున, ఒకే యాత్రికుడి మీద బతికే రెండు కులాలు ఒక పంక్తిలో కూర్చోని వ్యవస్థ ఇది. అంచెలంచెల అసమానత అని బాబాసాహెబ్ అన్నది దీన్నే.

రవిదాస్ ఘాట్

చివరిగా పడవని వెనక్కి తిప్పి, అస్సీ దాటి కొంచెం దక్షిణంగా వెళ్దాం. అక్కడుంది రవిదాస్ ఘాట్. చెప్పులు కుట్టిన మన సంత్ రవిదాస్ పేరు. ఆయన పుట్టిన చోటుగా లక్షలమంది మొక్కే గుడి దానికి దగ్గర్లోనే సీర్ గోవర్ధన్‌పూర్‌లో ఉంది. ఆయన బేగంపురా అనే ఊరిని ఊహించాడు. దిగులు లేని ఊరు. పన్నులు, సుంకాలు లేని ఊరు. ఎవరికి నచ్చిన చోట వాళ్ళు తిరగగలిగే ఊరు.

గంగా విలాస్ బయల్దేరింది ఆ రవిదాస్ ఘాట్ నుంచే.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇదే. నదికి గోడ కట్టలేదు. వేలం కట్టారు, లైసెన్సు కట్టారు, అభయారణ్యం కట్టారు, జెట్టీ కట్టారు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గర. అక్కడ కులం కర్ర పట్టుకుని వచ్చింది. కాశీలో కాగితం పట్టుకుని వచ్చింది.

మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. నది మీద టూరిజం లైసెన్సుల్లో, జెట్టీల్లో, టెండర్లలో మొదటి హక్కు ఆ నది మీద బతికిన సముదాయాల సహకార సంఘాలకి ఉండాలి. వాటాకి వేసే కూలీకి పడవ కొనుక్కునే అప్పు దొరకాలి. పడవ ఆగిన వానాకాలానికి భృతి ఇవ్వాలి. డోమ్ పిల్లలకి కాటికి బదులు కాలేజీ దారి చూపాలి.

విద్యార్థులకి ఒక పని అప్పజెప్తున్నాను. కాశీ వెళ్ళినా, రాజమండ్రి వెళ్ళినా, నాగార్జునసాగర్ వెళ్ళినా పడవ ఎక్కినప్పుడు ఆ మనిషిని మర్యాదగా పలకరించండి. పడవ ఎవరిది, వాటా ఎంత, మీ తాత ఏం చేసేవాడు అని అడగండి. ఒప్పుకుంటే రాసుకోండి, నాకు పంపండి. ఆ చరిత్ర ఇంకా నోటి మీదే ఉంది.

వచ్చే భాగంలో మన గోదావరికి వద్దాం. లాంచీలోంచి మనం మురిసిపోయి చూసే పాపికొండల్లో ఊళ్ళు పోగొట్టుకుంటున్న కొండరెడ్ల గురించి, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పడవ గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.