రంగం వలస: రెండు తీరాల స్త్రీలు, వివాహ చట్టాలు

బ్రిటిష్ పాలనలో ఉత్తరాంధ్ర తీరం నుంచి బర్మాకు సాగిన కూలీల రాకపోకలను ఇక్కడి జనం రంగం (రంగూన్) వలస అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల నుంచి 1942 దాకా అప్పటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల మగవాళ్లు బంగాళాఖాతం దాటి వెళ్లి రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలు అనేవారు. ఈ వలస గురించి రాసినవాళ్లు కూలి రేట్లు, మేస్త్రీల అప్పులు, అల్లర్ల గురించి చాలా రాశారు. ఇక్కడ పెళ్లాన్ని వదిలి వెళ్లిన మనిషి అక్కడ ఒక బర్మా స్త్రీతో కాపురం పెడితే, ఆ ఇద్దరు స్త్రీలకూ చట్టంలో దక్కేదేమిటన్న సంగతి మీద మాత్రం తెలుగులో వచ్చింది తక్కువ. బర్మాలో జాతి వైరమూ మహిళోద్యమమూ ముడిపడింది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

బారువ నుంచి రంగూన్‌కు

పలాస, కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట ప్రాంతాలు 1936 వరకు మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. ఈ ఉద్దానం ప్రాంతం వాళ్లకు దగ్గర్లో ఉన్న రేవు సోంపేట పక్కనున్న బారువ. దక్షిణాన కళింగపట్నం, ఉత్తరాన గోపాల్‌పూర్ ఉండేవి. స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు. లోతు నీళ్లలో లంగరు వేసి నిలబడితే, పడవల్లో అలలు దాటించి జనాన్ని ఎక్కించేవారు. కూలీల ప్రయాణమంతా డెక్కు మీదే.

మనిషిని పోగుచేసేది మేస్త్రీ. ఊళ్లోనే కొంత సొమ్ము ముందుగా ఇచ్చేవాడు. టిక్కెట్టు డబ్బు, ఇంట్లో వదిలి వెళ్లే తిండి ఖర్చు అందులోనే. రంగూన్‌లో దిగాక కూలి డబ్బు మొదట మేస్త్రీ చేతికే వెళ్లేది. అతను అప్పుకింద పట్టుకున్నది పోగా మిగిలిందే కూలీకి. ఇళ్లు దొరక్క, అద్దె గదుల్లో పదుల సంఖ్యలో ఇరుక్కుని, పగటి పనివాళ్లు, రాత్రి పనివాళ్లు ఒకే చోట వంతులవారీగా పడుకునేవారు. అలాంటి చోటికి భార్యాబిడ్డలను తీసుకెళ్లడం కుదిరే పని కాదు.

ఫిజీ, నాటాల్ లాంటి వలస రాజ్యాలకు ఒప్పంద కూలీలను పంపినప్పుడు వందమంది మగవాళ్లకు నలభైమంది స్త్రీలు ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. బర్మాకు ఆ నియమం లేదు. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి అక్కడికి వెళ్లడం విదేశీ వలస కిందికే రాదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో 10,17,825 మంది భారతీయులున్నారు. రంగూన్‌లో ఉన్న నాలుగు లక్షల మందిలో సగానికి మించి భారతీయులే. వీళ్లలో ఆడవాళ్లు తక్కువ. తెలుగు, ఒడియా కూలీల్లో మరీ తక్కువ.

చట్టానికి కనపడని పెళ్లి

ఏళ్ల తరబడి ఉండిపోయిన మగవాళ్లలో కొందరు బర్మా స్త్రీలతో కాపురం పెట్టారు. బర్మా బౌద్ధ ధర్మశాస్త్రంలో పెళ్లికి తంతు అక్కర్లేదు. ఇద్దరూ ఇష్టపడి నలుగురికీ తెలిసేలా కలిసి ఉంటే చాలు. కాపురంలో కూడబెట్టిన ఆస్తిలో భార్యకు వాటా ఉంటుంది, విడిపోవాలంటే ఇద్దరి అంగీకారం సరిపోతుంది, భర్త పోతే ఆస్తి భార్యకు వస్తుంది. ఆ కాలంలో హిందూ స్త్రీకి వీటిలో ఏదీ పూర్తిగా లేదు. అన్ని హక్కులున్న స్త్రీ ఒక హిందువును చేసుకోగానే అవన్నీ పోయేవి. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఆ పెళ్లి పెళ్లే కాదు. భర్త చనిపోతే, లేదా చెప్పకుండా స్టీమరెక్కి ఇంటికి వెళ్లిపోతే, కోర్టులో ఆమె ఉంచుకున్న మనిషి, పిల్లలు అక్రమ సంతానం. ముస్లింను చేసుకుంటే మతం మారితేనే పెళ్లి చెల్లేది. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని 1923లో సవరించాక హిందువులు, బౌద్ధులు తమ మతం వదులుకోకుండా రిజిస్టరు పెళ్లి చేసుకునే వీలు వచ్చింది. రేవులో మూటలు మోసే మనిషికీ, పల్లెటూరి బర్మా పిల్లకీ ఆ చట్టం అందే దారి లేదు.

ఇలాంటి అన్యాయమే దక్షిణాఫ్రికాలోనూ జరిగింది. 1913 మార్చిలో కేప్ కోర్టు న్యాయమూర్తి సెర్ల్, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని తీర్పు ఇచ్చారు. ఒక్క తీర్పుతో భారతీయ భార్యలంతా చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. నాటాల్ చెరకు తోటల్లో మన తీర జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలకూ ఆ దెబ్బ తగిలింది. కస్తూర్బా సహా స్త్రీలు సత్యాగ్రహంలోకి దిగింది అప్పుడే. న్యూకాసిల్ బొగ్గు గనుల కార్మికుల చేత సమ్మె చేయించింది ఆడవాళ్ల జట్టే. 1914లో వచ్చిన చట్టం ఆ పెళ్లిళ్లను గుర్తించింది. నాటాల్‌లో భారతీయ స్త్రీలు తెల్ల ప్రభుత్వాన్ని నిలదీశారు. బర్మాలో అదే హక్కు కోసం బర్మా స్త్రీలు నిలదీసింది భారతీయ భర్తలను. మనవాళ్లు నాటాల్‌లో ఫిర్యాదుదారులు, బర్మాలో ప్రతివాదులు. తెలుగు వలస చరిత్ర రాసేవాళ్లు ఈ రెండో సంగతిని దాటవేయకూడదు.

1930 మే

పెళ్లిళ్ల గొడవ పెద్దదయ్యే లోపే పని దగ్గర గొడవ రక్తపాతం దాకా వెళ్లింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల సరుకు ఎత్తిదించే స్టీవడోర్ కంపెనీలు వాళ్ల చోట బర్మా వాళ్లను పెట్టాయి. రేవు పనిలోకి బర్మా వాళ్లు పెద్ద సంఖ్యలో రావడం అప్పుడే. సమ్మె పరిష్కారమై మే 26న పాతవాళ్లు పనికి తిరిగి రాగానే, కొత్తగా చేరినవాళ్లను వెళ్లిపొమ్మన్నారు. భార్యలు తెచ్చిన సద్దిమూటలతో పనికి వచ్చి ఖాళీ చేతులతో నిలబడ్డ బర్మా కూలీలను చూసి తెలుగువాళ్లు ఎగతాళి చేశారన్న మాటతో గొడవ రాజుకుందని అప్పటి కథనాలు చెబుతాయి. కొన్ని రోజులపాటు ఊరంతా కొట్లాటలే. వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే. ఒకే పనికోసం రెండు జాతుల పేదలను పోటీకి నిలబెట్టిన కంపెనీల మీద ఈగ వాలలేదు.

ఆ వెంటనే ప్రపంచ ఆర్థిక మాంద్యం దెబ్బ బర్మాకు తగిలింది. ధాన్యం ధర పడిపోయి, అప్పులు తీర్చలేని రైతుల భూములు తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి వెళ్లాయి. దిగువ బర్మాలో 1930లో వరి భూమిలో ఆరు శాతం వాళ్ల దగ్గర ఉంటే, 1938 నాటికి పాతిక శాతమైంది. రేవులో పని, పొలంలో భూమి, ఇంట్లో ఆడపిల్ల: మూడూ పరాయివాడు పట్టుకుపోతున్నాడన్న మాట బర్మా పత్రికల్లో నిత్యం వినిపించేది.

బర్మా స్త్రీల ఉద్యమం, 1939 చట్టం

బర్మా స్త్రీలకు 1922లోనే మగవాళ్లతో సమానమైన షరతుల మీద ఓటు హక్కు వచ్చింది. శాసనమండలికి పోటీ చేసే హక్కు మాత్రం ఇవ్వలేదు. దానికోసం 1927 ఫిబ్రవరిలో రంగూన్‌లో స్త్రీలు ఊరేగింపు తీశారు. 1929లో ఆ అడ్డు తొలగి డా హ్నిన్ మ్యా శాసనమండలిలో అడుగుపెట్టారు. 1931లో లండన్‌లో జరిగిన బర్మా రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన డా మ్యా సేన్, తమ దేశంలో స్త్రీకి ఆస్తి, వివాహం, వ్యాపారం విషయాల్లో తరతరాలుగా ఉన్న స్వేచ్ఛ గురించి తర్వాత కూడా చాలా రాశారు. అదే ఏడాది జనవరిలో లాహోర్‌లో జరిగిన అఖిల ఆసియా మహిళా సమావేశానికి బర్మా ప్రతినిధులూ హాజరయ్యారు.

పరజాతి వాడిని చేసుకున్నందుకు బౌద్ధ స్త్రీ హక్కులు పోకూడదన్నది న్యాయమైన కోరిక. అయితే దాన్ని అందుకున్న పత్రికలు, రాజకీయ నాయకులు అందరికీ కావలసింది స్త్రీ హక్కే కాదు. భారతీయుణ్ణి చేసుకున్న స్త్రీని జాతి ద్రోహిగా చిత్రించిన రాతలు అదే కాలంలో వచ్చాయి. 1938 జూలైలో రంగూన్‌లో మొదలై దేశమంతా పాకిన అల్లర్లలో ఎక్కువగా దెబ్బతిన్నది ముస్లింలు. ఆ అల్లర్లపై వేసిన విచారణ సంఘం తన నివేదికలో పెళ్లిళ్ల సమస్యను ముఖ్యమైన కారణాల్లో ఒకటిగా చర్చించింది.

మరుసటి ఏడాది బౌద్ధ స్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ చట్టం వచ్చింది. బౌద్ధ స్త్రీ తన మతం వదలకుండా బౌద్ధేతరుణ్ణి చేసుకోవచ్చు. ఆస్తికి, విడాకులకు, వారసత్వానికి బర్మా బౌద్ధ ధర్మశాస్త్రమే వర్తిస్తుంది. ఒక పేద స్త్రీ చేతికి ఇది నిజమైన ఆయుధం. 1941 ఇండియా-బర్మా వలస ఒప్పందం మాత్రం వేరే దారి తొక్కింది. స్థానిక జాతుల స్త్రీతో పెళ్లి గానీ సహజీవనం గానీ భారతీయుడి అనుమతి పత్రం రద్దయ్యేందుకు కారణం కావచ్చన్న నిబంధన అందులో చేరింది. గాంధీ ఆ ఒప్పందాన్ని ఖండించారు. ఈ రెండూ ఒకే సమస్యకు వచ్చిన జవాబులు. 1939 చట్టం భార్యకు హక్కు ఇచ్చింది. 1941 ఒప్పందం ఆ కాపురం చేయడాన్నే తప్పు పట్టింది.

ఇవతలి ఒడ్డున

ఉద్దానంలో మిగిలిన భార్య పరిస్థితి ఏమిటి? పొలం, పశువులు, అత్తమామలు, పిల్లలు, మేస్త్రీ అప్పు అన్నీ ఆమె మీదే. భర్త అక్కడ ఇంకో సంసారం పెట్టినా అడిగేందుకు చట్టంలో దిక్కు లేదు. హిందూ మగవాడు ఎన్ని పెళ్లిళ్లయినా చేసుకోవచ్చు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన నాటి నుంచీ తెలుగునాట సంస్కరణ జరుగుతూనే ఉంది. కానీ భర్త బతికే ఉండి తిరిగి రాని స్త్రీ ఆ సంస్కరణకు లెక్కలోకి రాలేదు. ఆమె విధవా కాదు, కాపురమూ లేదు.

ఇక్కడి స్త్రీలు ఉద్యమంలోకి వచ్చింది భూమి, అడవి సమస్యల ద్వారా. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. కొద్ది రోజులకే మందస జమీందారీలో అడవి హక్కుల కోసం రైతులు చేసిన పోరాటంలో, గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పుల్లో సాసుమాను గున్నమ్మ ప్రాణాలు కోల్పోయింది.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. తర్వాతి నెలల్లో లక్షలాది భారతీయులు అరకాన్ దారిన, మణిపూర్ కొండల దారిన నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. బర్మా భార్యలు, పిల్లలు కొందరు వెంట వచ్చారు, ఎందరో అక్కడే ఉండిపోయారు. 1960లలో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత కుటుంబాలు తిరిగి వచ్చాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ కుటుంబాల పేరు మీద నిలిచినదే.

తెలుగు భార్యకు చట్టం మెల్లగా వచ్చింది. భర్త రెండో పెళ్లి చేసుకుంటే విడిగా ఉండి భరణం అడిగే హక్కు 1946లో, మద్రాసు రాష్ట్రంలో రెండో పెళ్లి నిషేధం, విడాకుల హక్కు 1949లో, దేశమంతటికీ హిందూ వివాహ చట్టం 1955లో. బర్మాలో 1939 చట్టం స్థానంలో 1954లో మరొకటి వచ్చింది. 2015లో మయన్మార్ పార్లమెంటు జాతి, మత రక్షణ పేరుతో చేసిన నాలుగు చట్టాల్లో బౌద్ధ స్త్రీల వివాహ చట్టం ఒకటి. ఈసారి దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ఆ దేశపు మహిళా సంఘాలే ఉన్నాయి. తమను రక్షించే పేరుతో తాము ఎవరిని చేసుకోవాలో ప్రభుత్వం చెప్పనక్కర్లేదన్నది వాళ్ల వాదన.

వలస మీద వచ్చిన ప్రభుత్వ నివేదికల్లో మేస్త్రీల మాట ఉంది, మిల్లు యజమానుల మాట ఉంది, కూలీల మాట కొంత ఉంది. బారువ రేవులో భర్తను పడవెక్కించి వెనక్కి తిరిగిన స్త్రీ మాట లేదు. ఉద్దానం ఊళ్లలో రంగం వెళ్లొచ్చిన తాతల సంగతులు విన్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఈసారి తాత గురించి కాక, ఆ ఏళ్లన్నీ ఇల్లు నడిపిన నాయనమ్మ గురించి అడిగి రాసిపెట్టండి.