లైవ్లీహుడ్ కాలేజీ: దంతెవాడలో పుట్టి రాయ్‌పూర్‌కు చేరిన 'ఉపాధి చదువు'

రాయ్‌పూర్ శివార్లలోని జోరాలో ఒక ప్రభుత్వ కాలేజీ ఉంది. అక్కడ బీఏ, బీకాం ఉండవు. కుట్టుపని, వెల్డింగ్, కరెంటు పని, కంప్యూటర్, హోటల్ పని లాంటివి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు నేర్పిస్తారు. దాని పేరు 'లైవ్లీహుడ్ కాలేజీ'. హిందీ రాష్ట్రమైనా బోర్డు మీద దేవనాగరి లిపిలో ఉండేది ఈ ఇంగ్లిష్ పేరే. 'ఆజీవిక' అనే చక్కటి మాట ఉండగా ఇదెందుకంటే, బడి మధ్యలో మానేసిన పిల్లవాడు కూడా 'కాలేజీకి వెళ్తున్నా' అని చెప్పుకోగలగాలనే కావచ్చు.

ఇలాంటి కాలేజీలు ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ అంతటా ఉన్నాయి. కానీ మొదటిది రాజధానిలో పుట్టలేదు.

దంతెవాడ, 2011

దక్షిణ బస్తర్‌లో 2005లో మొదలైన సల్వాజుడుం గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్లు ఖాళీ చేసి సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలు నేటికీ గోదావరి పరిసర అడవుల్లో ఉంటున్నాయి. ఆ రోజుల్లో చదువు ఆగిపోయిన ఆదివాసీ యువకుడికి ప్రభుత్వం చూపిన ఉద్యోగం స్పెషల్ పోలీస్ ఆఫీసర్. ఐదో తరగతి పాసైతే ప్రాధాన్యం, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, చేతికి తుపాకీ. నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు 2011 జులై 5న ఈ పద్ధతిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

దంతెవాడలో తొలి లైవ్లీహుడ్ కాలేజీ మొదలైంది కూడా 2011లోనే. అప్పటి జిల్లా కలెక్టర్ ఓపీ చౌదరి. ఆలోచన మామూలుదే: ఒకే ఆవరణలో తరగతులు, హాస్టల్, వర్క్‌షాప్, చివర్లో ఉద్యోగం చూపించే బాధ్యత. అసలు కీలకం హాస్టల్‌లోనే ఉందని నా అభిప్రాయం. రోజూ వచ్చిపోవడానికి బస్సులే లేని ఊళ్ల పిల్లలకు ఉండటానికి చోటు లేకపోతే ఎంత మంచి కోర్సైనా కాగితం మీదే ఉండిపోతుంది.

తర్వాత గీదం దగ్గర జావంగాలో ఎడ్యుకేషన్ సిటీ వచ్చింది. 2015 మే 9న దంతెవాడ పర్యటనలో ప్రధాని మోదీ అక్కడికి వెళ్లారు. చౌదరి 2018లో ఐఏఎస్‌కు రాజీనామా చేసి బీజేపీలో చేరారు. 2023లో రాయగఢ్ నుంచి గెలిచి రాష్ట్ర ఆర్థిక మంత్రి అయ్యారు.

ఎవరు నడుపుతారు?

2012 జనవరిలో రాష్ట్రంలో జిల్లాలు 18 నుంచి 27కు పెరిగాయి. రమణ్ సింగ్ ప్రభుత్వం దంతెవాడ నమూనాను అన్ని జిల్లాలకూ విస్తరించింది. పర్యవేక్షణకు రాయ్‌పూర్‌లో రాష్ట్రస్థాయి సొసైటీ ఉంది, జిల్లాలో కలెక్టర్ నేతృత్వంలో మరో సొసైటీ ఉంటుంది. దీనివల్ల కాలేజీ నడక చాలావరకు కలెక్టర్ ఆసక్తి మీద ఆధారపడుతుంది. శ్రద్ధ ఉన్న అధికారి ఉంటే ఇతర పథకాల నిధులు కూడా కూడగట్టి నడిపిస్తారు. బదిలీ అయ్యాక ఏమవుతుందో మన జిల్లాల్లో చూస్తున్నదే. కరోనా కాలంలో పలుచోట్ల ఈ భవనాలు కొవిడ్ కేంద్రాలయ్యాయి. ఖాళీగా, మంచాలతో సిద్ధంగా ఉన్న ప్రభుత్వ భవనాలు కదా మరి.

90 రోజుల హక్కు

ఈ కాలేజీల వెనుక ఒక చట్టం కూడా ఉంది. నైపుణ్య శిక్షణను యువత హక్కుగా గుర్తిస్తూ 2013లో చట్టం చేసిన తొలి రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. 14 నుంచి 45 ఏళ్ల లోపువారు ఎవరైనా అడిగితే 90 రోజుల్లోగా శిక్షణ అవకాశం కల్పించాలి. ఉపాధి హామీ చట్టంలా 'అడిగితే ఇవ్వాల్సిందే' అనే పద్ధతి. అయితే ఇది శిక్షణ హక్కే, ఉద్యోగ హక్కు కాదు. ఈ రెండింటి మధ్య దూరం చిన్నది కాదు. ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చామన్న లెక్క సులువుగా వస్తుంది. వాళ్లలో ఏడాది తర్వాత అదే పనిలో ఎంతమంది నిలిచారన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలో 1901లో ఇల్లినాయ్‌లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ నుంచి నేటి కమ్యూనిటీ కాలేజీల దాకా ఒక వెసులుబాటు ఉంది. అక్కడ రెండేళ్లు చదివి, ఆ క్రెడిట్లతో యూనివర్సిటీ డిగ్రీలోకి వెళ్లొచ్చు. మన దేశంలో పాండిచ్చేరి యూనివర్సిటీ 1995లో కమ్యూనిటీ కాలేజీ తెరిచింది, 2013లో యూజీసీ కూడా ఒక పథకం పెట్టింది. లైవ్లీహుడ్ కాలేజీ స్వల్పకాలిక కోర్సు నుంచి మాత్రం డిగ్రీకి అలా నేరుగా దారి లేదు. జోరాలో వెల్డింగ్ నేర్చుకున్న కుర్రాడు ఇంజినీరింగ్ డిప్లొమా చదవాలనుకుంటే పదో తరగతి దగ్గర నుంచి మొదలుపెట్టాల్సిందే.

తెలుగు రాష్ట్రాలకూ దీంతో సంబంధం ఉంది. బీజాపుర్, సుక్మా జిల్లాల నుంచి ఏటా మిర్చి కోతలకు జనం భద్రాద్రి, ములుగు వైపు వస్తారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ తోటల నుంచి కాలినడకన ఇంటికి బయల్దేరి, ఊరు చేరకుండానే చనిపోయిన బీజాపుర్ బాలిక వయసు 12 ఏళ్లు. శిక్షణ ఉచితమే, హాస్టలూ ఉచితమే. కానీ కోతల కాలంలో కూలి డబ్బులు రోజూ చేతికొస్తాయి. మూడు నెలల కోర్సు పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో పూట గడవాలి కదా. మిర్చి సీజన్‌తో కోర్సు తేదీలు ఢీకొన్నప్పుడు ఏది గెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.