చిలంచీ నుంచి సింకు దాకా

పోయిన రమజాన్‌కు ముందు మా ఇంట్లో కొత్త సింకు పెట్టించాం. తెల్లటి గిన్నె, దాని కింద తలుపులున్న చెక్క అల్మారీ, పైన అద్దం. దుకాణంలో దీన్ని వానిటీ క్యాబినెట్ అంటున్నారు. ప్లంబర్ భాయ్ గోడ మీద పెన్సిల్‌తో గీత గీస్తుంటే అమ్మీ వచ్చి నిలబడింది. కాసేపు చూసి, "అంతా ఖూబ్‌సూరత్‌గానే ఉంది గానీ బేటా, ఇందులో పాదాలెట్లా కడుక్కునేది?" అని అడిగింది.

మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ సవాల్ పట్టుకుని వెతుకుతూ పోతే తవారీఖ్‌లో చాలా దూరం నడవాల్సి వచ్చింది.

సూరె మాయిదా 6వ ఆయత్ ప్రకారం వజూలో ఫర్జ్‌లు నాలుగు. ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలకు మసహ్ చేయడం, చీలమండలతో సహా పాదాలు కడగడం. సింకు మొదటి మూడింటికీ పనికొస్తుంది. నాలుగో దగ్గర మొరాయిస్తుంది. ఎందుకంటే అది వజూ కోసం పుట్టిన వస్తువు కాదు.

మన ఫిఖహ్‌లో వజూకు ఒకసారి వాడిన నీళ్ళను మాయె ముస్తామల్ అంటారు. హనఫీ మస్లక్‌లో ఆ నీళ్ళతో మళ్ళీ వజూ కుదరదు. అందుకే మన పెద్దలు గిన్నెలో నీళ్ళు నింపి అందులో చేతులు ముంచి కడగలేదు. పై నుంచి పోసుకున్నారు. లోటా, బద్నా, ఆఫ్తాబా... వీటన్నిటికీ తొండం లాంటి మూతి ఉండడానికి కారణం అదే. సన్నటి ధార పడాలి, వాడిన నీళ్ళు విడిగా పోవాలి. మస్జిద్‌లలోని హౌజ్‌కు మాత్రం వేరే హిసాబ్. దహ్ దర్ దహ్, అంటే పది మూరలకు పది మూరలు, సుమారు 15 అడుగులకు 15 అడుగులు ఉంటే అది మాయె కసీర్. రంగు, రుచి, వాసన మారనంతవరకు ఆ నీళ్ళు పాక్. హైదరాబాద్ మక్కా మస్జిద్ సహన్‌లో అంత పెద్ద హౌజ్ కట్టింది ఒక్క అందం కోసమే కాదు.

ఇంట్లో హౌజ్ కట్టుకునే స్తోమత ఎవరికుంది? అక్కడ ఆఫ్తాబా, చిలంచీ జోడీ నడిచింది. ఆఫ్తాబా నుంచి నీళ్ళు పోస్తే కింద వెడల్పాటి చిలంచీలో పడతాయి. మంచి చిలంచీకి జల్లెడలాంటి మూత ఉండేది, మురికి నీళ్ళు మెహమాన్ కంటికి కనపడకుండా. బీదర్ కారీగర్లు జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి తాపడం చేసి, బీదర్ కోట మట్టితో నల్లబరిచి ఇవి చేసేవారు. 1948 దాకా బీదర్ మన నిజాం ఇలాఖాలోదే, ఆ తర్వాత 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే.

ఇక్కడ ఒక మాట అడగాలి. ఆ ఆఫ్తాబా ఎత్తి నీళ్ళు పోసిందెవరు? దావత్‌లో నౌకర్లు. మామూలు ఇళ్ళల్లో బహూలు, బేటీలు. బావి నుంచి మష్క్‌లో నీళ్ళు మోసుకొచ్చింది భిష్తీలు. బహిష్త్ అంటే జన్నత్. అంత గొప్ప పేరు పెట్టాం గానీ, వాళ్ళ వీపు మీద బరువు మాత్రం దించలేదు.

ఈ సంగతి ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఒక బాద్షాకు తట్టింది. దియార్‌బకర్ ప్రాంతాన్ని ఏలిన అర్తూఖీ సుల్తాన్ సాలిహ్‌కు, వజూ చేసుకుంటుంటే నౌకరో కనీజో నీళ్ళు పోయడం నచ్చేది కాదు. అందుకని ఏదైనా యంత్రం చేయమని దర్బార్ ఇంజనీర్ అల్ జజరీని అడిగాడు. ఆయన తనంతట తానే నీళ్ళు పోసే బొమ్మలు, నెమలి ఆకారపు సాధనాలు తయారుచేసి, వాటి నక్షాలన్నీ 1206లో పూర్తిచేసిన కితాబ్‌లో గీసిపెట్టాడు. మనిషి చేత మోయించకుండా నీళ్ళు రావాలన్న ఖయాల్ మనకు కొత్తది కాదు.

ఇప్పుడు సింకు దారి చూద్దాం. ఇంగ్లండ్‌లో పడకగదిలో పాలరాయి పరిచిన చెక్క బల్ల ఉండేది. దాని మీద పింగాణీ గిన్నె, కూజా. గిన్నె నింపుకుని అందులోనే ముఖం కడుక్కునేవారు. 19వ శతాబ్దంలో ఇళ్ళకు పైపులు వచ్చాక ఆ బల్లకే కుళాయి బిగించారు. పాత బేసిన్‌లకు గొలుసుతో బిరడా, వేడికీ చల్లకీ రెండు వేర్వేరు కుళాయిలు ఉండేవి. నింపుకుని కడుక్కునే అలవాటుకు అవి గుర్తు. మా ఇంటికొచ్చిన వానిటీ ఆ బల్లకు మనవరాలు. దాని వంశంలో పాదాల ముచ్చటే లేదు.

ఇంకో భాగం కూడా అక్కడి నుంచే వచ్చింది. సింకు కింద వంకర పైపును ట్రాప్ అంటారు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ ఎస్ ఆకారపు వంపుకు లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ వంపులో కాసిన్ని నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండి మోరీ వాసనను ఇంట్లోకి రానివ్వవు. తహారత్ కోరుకునే మనకు ఇది నిజంగా నేమత్.

హైదరాబాద్‌లో 1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీ వేలమందిని మింగింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నల్లా నీళ్ళు కూడా ఇచ్చాయి. గండిపేట పానీ అన్న మాట అప్పటిదే. ఇంట్లో నల్లా తిప్పితే నీళ్ళు రావడంతో భిష్తీ మష్క్ గోడకెక్కింది, చిలంచీ షోకేసులోకి పోయింది.

అరబీలో కుళాయిని హనఫియ్యా అని కూడా అంటారు. కుళాయి నీళ్ళతో వజూ దురుస్తేనని హనఫీ ఉలమా ఒప్పుకున్నందుకే ఆ పేరు వచ్చిందని మిస్ర్‌లో చెప్పుకుంటారు. ఈ కొత్త వస్తువును మన పెద్దలు తోసిపుచ్చలేదు, కానీ షర్తులు చూసుకున్నారు.

ఆ షర్తుల్లో ఒకటి ఇస్రాఫ్. రసూలుల్లాహ్ (స) ఒక ముద్ నీళ్ళతో వజూ చేసేవారని హదీస్. ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా లెక్కగడతారు. నిమిషానికి 6 లీటర్లు వచ్చే కుళాయిని 2 నిమిషాలు వదిలేస్తే 12 లీటర్లు పోతాయి. ఐదుగురున్న ఇంట్లో ఐదు పూటలకు 300 లీటర్లు. లీటరు పట్టే లోటాతో అయితే 25.

ఇక అమ్మీ సవాల్. మా చిన్నమామూ ఒకసారి సింకు మీదికి కాలెత్తి, రెండో కాలు జారి పడ్డారు. గిన్నె గోడ నుంచి ఊడి వచ్చింది. గోడకు బిగించిన సింకు మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. అమ్మీ మోకాళ్ళకు ఆ విద్య అసలే కుదరదు.

అందుకని ప్లంబర్ భాయ్‌తో మళ్ళీ కూర్చున్నాం. బైతుల్ ఖలాలో అల్లాహ్ పేరు పైకి పలకడం అదబ్ కాదు గనుక సింకును బయట, భోజనాల గది పక్కకు మార్చాం. గిన్నె అంచు నేల నుంచి 85 సెంటీమీటర్లు. అల్మారీని నేల మీద నిలబెట్టకుండా ఒక జానెడు ఎత్తులో ఇటుక గోడకు బోల్టులతో బిగించాం, కింద పడ్డ నీళ్ళకు చెక్క ఉబ్బకుండా. ప్లైవుడ్ మెరైన్ రకం, ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకున్నాం. గోడకూ గిన్నెకూ మధ్య సిలికాన్ పూశాం. గిన్నె నింపి ఒక్కసారిగా వదిలి, ట్రాప్ కీళ్ళ కింద పొడి కాగితం పెట్టి చెమ్మ చూశాం.

పక్కనే రెండడుగుల జాగాలో రాతి పీట, దాని ముందు మోకాలెత్తులో ఇంకో నల్లా, నీళ్ళు జాలీలోకి పోయేలా వాలు. ఖర్చు పెద్దగా పెరగలేదు. అమ్మీ అక్కడ కూర్చుని తన పాత రాగి లోటాతోనే వజూ చేసుకుంటుంది. నీళ్ళు పోయడానికి బహూను పిలవదు. ఫజర్‌కు ఎవరి నిద్రా చెడగొట్టకుండా లేస్తానని ఆమెకు అదొక ఖుషీ.

మీ ఇంట్లో సింకు పెట్టిస్తుంటే టైల్స్ రంగు తర్వాత చూడండి. ముందు ఇంట్లో బుజుర్గ్‌లను పిలిచి, ఎక్కడ కూర్చుంటారో, చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో అడగండి. గోడ మీద గీత ఆ తర్వాత గీయించండి.